గడ్డం మీది పచ్చబొట్టు

నాకు భయాలకేం తక్కువ లేదు. బల్లంటే భయం, లిఫ్టు మధ్యలో ఆగిపోతుందేమోనని భయం, మేనేజరు "ఒక్క నిమిషం మాట్లాడదాం" అంటే భయం. ఇవన్నీ ఒక ఎత్తు, వెలుతురంటే భయం ఒక్కటీ ఒక ఎత్తు. మాదాపూర్‌లో మా ఆఫీసు నిండా అద్దాలే. కట్టించినవాడికి గోడల మీద ఏం పగో తెలియదు. పొద్దున ఎండ సరిగ్గా నా సీటు మీదికి వస్తుంది. ఆ ఎండలో నా గడ్డం మీద ఏముందో చూడాలనుకున్నవాళ్ళకీ, అనుకోనివాళ్ళకీ కూడా కనిపిస్తుంది.

ఉన్నవి వెంట్రుకలు. ఆడపిల్లలందరికీ ఉండే నూగు కాదు. దవడ పొడుగునా, గడ్డం కింద, నల్లగా, గరుకుగా, ఇంటర్ చదివే మగపిల్లాడికి కొత్తగా మొలిచినట్టు ఉంటాయి. రోజూ నల్లగండ్లలో మా ఇంటి బాత్రూములో తలుపు గడియ పెట్టుకుని ప్లక్కరుతో పీక్కుంటాను. పీకిన చోట కురుపులు, కురుపుల చోట మచ్చలు, మచ్చల మీద క్రీము. తలుపు బయట అమ్మ "ఎంతసేపే, మీ నాయన డ్యూటీకి పోవాలె" అని అరుస్తుంటే తొందరలో చర్మం గిచ్చుకుంటాను. అమ్మకు చెప్పలేదు. చెబితే మా పెద్దమ్మకు చెబుతుంది. పెద్దమ్మకు చెప్పడమంటే మైకులో చెప్పడమే.

ఒకరోజు మీటింగులో ఉదయ్ భాస్కర్ అని మా టీములో కొత్తగా చేరినతను నా వైపు చూసి, తన గడ్డం తడుముకుంటూ, "పింకీ గారూ, ఇక్కడ ఏదో దారం అంటుకుందండి" అన్నాడు. మంచివాడే, పాపం. దారమే అనుకున్నాడు. నేను చేత్తో తుడుచుకున్నాను. అది రాలేదు. మళ్ళీ తుడిచాను. అప్పటికి అతనికి అర్థమైంది. చటుక్కున చూపు తిప్పుకుని లాప్‌టాప్‌లోకి తల దూర్చేశాడు. నవ్వి ఉంటే తిట్టేదాన్ని. జాలిపడ్డాడు. ఆ మధ్యాహ్నమంతా నేను వాష్‌రూములో నిలబడి ఏడ్చాను.

నన్ను అక్కడ పట్టుకున్నది ఉమాశ్రీ. కాకినాడ పిల్ల, మా ఆఫీసు వెనక సందులో హాస్టల్లో ఉంటుంది, నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు. "ఎన్నాళ్ళు పీక్కుంటావే బాబూ? కోడికి ఈకలు పీకినట్టు! శాశ్వతంగా తీయించేసుకో, గొడవ వదిలిపోద్ది" అంది.

శాశ్వతంగా అన్న మాటకే నాకు కొత్త భయం పట్టుకుంది. మంచి జరిగితే శాశ్వతం సరే. మొహం కాలితే అది కూడా శాశ్వతమే కదా. క్యాంటీనులో కూర్చుని ఫోనులో చదవడం మొదలుపెట్టాను. చదవకుండా ఉండాల్సింది. ఎవరెవరివో బుగ్గలు, పొక్కులు, గోధుమరంగు చారలు. నా రంగు చామనఛాయ కంటే ఒక మెట్టు కింద. నా రంగువాళ్ళే ఎక్కువ కాలినట్టు కనిపించారు.

చివరికి ఉమాశ్రీయే మాదాపూర్‌లో వాసంతి అనే చర్మం డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. ఆవిడ దీపం వెలిగే పెద్ద భూతద్దం నా మొహం మీదికి లాగి చూసింది. నేను కళ్ళు మూసుకున్నాను. అంత వెలుతురులో నన్నెవరూ ఎప్పుడూ చూడలేదు.

"ఇది హార్మోన్ల వల్లండి. దానికి మందులు వేరే వాడాలి. వెంట్రుకల సంగతికొస్తే రెండు దారులున్నాయి" అందావిడ. "ఒకటి లేజరు. మీ రంగు చర్మానికి సరిపడే మెషీను మా దగ్గరుంది. కొన్ని సిట్టింగుల్లో బాగా తగ్గిపోతాయి. కానీ శాశ్వతం అన్న మాట నేను అననండి, కొన్ని మళ్ళీ రావచ్చు. రెండోది ఎలక్ట్రాలిసిస్. ఒక్కో వెంట్రుక కుదుట్లోకి సన్నటి సూది పంపి, కరెంటుతో ఆ కుదురుని చంపేస్తాం. అది శాశ్వతమేనండి. కాకపోతే ఒక్కొక్కటీ తీయాలి. చాలాకాలం పడుతుంది, నొప్పి కూడా ఉంటుంది."

సూది అన్న మాట తరవాత ఆవిడ చెప్పిందేదీ నాకు సరిగా వినబడలేదు.

నాకు ఐదేళ్ళప్పుడు నానమ్మ నన్ను కొమురవెల్లి జాతరకు తీసుకుపోయింది. అక్కడ చెట్టు కింద ఒకామె సూదులన్నీ కట్టగట్టి పచ్చబొట్లు పొడుస్తోంది. ముందు నానమ్మే తన గడ్డం మీద వెలిసిపోయిన పాత బొట్టును మళ్ళీ పొడిపించుకుంది, నన్ను చూడమని. "చీమ కుట్టినట్టే ఉన్నదే!" అని నవ్వింది. నమ్మి సూదులామె ఒళ్ళో కూర్చున్నాను. చీమ కాదు. అది చీమ కానే కాదు. నా తల ఆమె మోకాళ్ళ మధ్య ఇరుక్కుపోయింది, నా అరుపులు డోలు చప్పుడులో కలిసిపోయాయి. ఆ రోజు నుంచి సూది పేరెత్తితే నా అరచేతులు చెమటలు పడతాయి. నానమ్మ ఆడిన ఆ అబద్ధాన్ని కూడా నేను మరచిపోలేదు.

"లేజరే చేయించుకుంటానండి" అన్నాను.

డాక్టరు అడగాల్సినవన్నీ అడిగింది. ఏం మందులు వాడుతున్నారు, గర్భం ఏమైనా ఉందా, ఇదివరకు కాలిన మచ్చలున్నాయా, టాటూలున్నాయా. అన్నిటికీ లేవండి, లేదండి అన్నాను. టాటూ అంటే నాకు తెలిసినంతవరకు మా ఆఫీసు పిల్లలు ఏసీ గదిలో కూర్చుని భుజం మీద వేయించుకునే సీతాకోకచిలుక. నా గడ్డం మీద ఉన్నది నువ్వుగింజంత పచ్చబొట్టు. పుట్టుమచ్చలా నాతోపాటే పెరిగింది. కాలేజీలో చేరినప్పుడు ఒకమ్మాయి "మీది ఏ పల్లెటూరు?" అని దానివైపు చూసి అడిగినప్పటి నుంచి దాని మీద క్రీము పూస్తూనే ఉన్నాను. అక్కడ అదొకటి ఉందన్న సంగతి నాకే గుర్తుండదు. ఆ రోజు దవడ పక్కన, చెవి కింద కొంచెం మేర తుడిచి, లేజరు ఒకసారి కొట్టి చూశారు. చురుక్కుమంది, అంతే. వారానికి కూడా ఏ మచ్చా రాలేదు.

అసలు భయం ఆ తరవాత మొదలైంది. నెలరోజుల దాకా ఒక్కటి కూడా పీకకూడదట. కుదురులో వెంట్రుక ఉంటేనే లేజరుకు దొరుకుతుందట. పెరిగినవాటిని పీకకుండా గీసుకోవాలట. గీసుకోవడం! ఆడది గడ్డం గీస్తే మగాడికొచ్చినట్టు వస్తుందని చిన్నప్పటి నుంచి విన్నదాన్ని. అదంతా ఒట్టి మాట అని డాక్టరు చెప్పింది. బుర్రకు అర్థమైంది, చేతికి అర్థం కాలేదు. గొంతు నొప్పని చెప్పి మాస్కు పెట్టుకుని ఆఫీసుకు పోయాను. ఇంట్లో చున్నీ దవడల దాకా లాక్కుని తిరిగాను. అమ్మ జ్వరమేమోనని మిరియాల కషాయం తాగించింది.

సిట్టింగుకు ముందు రోజు సాయంత్రం మొత్తం నున్నగా గీసుకుని, రేజరు బాత్రూములో మరచిపోయాను. నానమ్మ బుచ్చమ్మకు అది దొరికింది.

"ఏందే గిది? మీ నాయనదైతె కాదు. గులాబిరంగున్నది."

"నాదే నానమ్మా."

ఆమె నా చున్నీ పక్కకు తీసి చూసింది. గీసిన గడ్డమంతా నీలంగా, పచ్చగా నీడ తేలి ఉంది. తిడుతుందనుకున్నాను. సంగతంతా చెప్పించుకుని, "మొకానికి మంట వెట్టుడా? దవాఖానకు ఒక్కదానివే పోతవా? నేనొస్త" అంది. వద్దంటే వినే మనిషి కాదు.

లేజరు గదిలో నన్ను పడుకోబెట్టి కళ్ళ మీద మూతలు పెట్టారు. మెషీను నడిపే అమ్మాయి పేరు వెంకటలక్ష్మి. నానమ్మకు కూడా నల్లద్దాలిచ్చి మూల కుర్చీలో కూర్చోమంది. ఆమె ఆ అద్దాలతో ఎలా ఉందో చూడాలని ఉన్నా, నాకు చీకటి తప్ప ఏమీ కనబడటం లేదు. మొహం మీద చల్లని జెల్ పూశారు. ఏదో పిట్ట కూసినట్టు మెషీను కూసింది. కుడి చెవి దగ్గర మొదటి దెబ్బ పడింది.

"కదలకండి మేడమ్. రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టుంటుంది, అంతే" అంది వెంకటలక్ష్మి.

దెబ్బ తరవాత దెబ్బ. చెవి నుంచి దవడ మీదుగా గడ్డం వైపు వస్తోంది. గది నిండా వెంట్రుకలు కాలిన వాసన.

"మేకతలకాయ కాలుస్తున్నట్టు వాసనొస్తున్నదేందమ్మా?" అంది మూల నుంచి నానమ్మ. "అసలు గిది ఎట్ల కాలుస్తది?"

"ఈ లైటు నలుపుని వెతుక్కుంటుందండి మామ్మగారూ. చర్మంలో నల్లగా ఏది కనిపిస్తే దాన్ని పట్టుకుని కాల్చేస్తుంది. అందుకే మీకులాగ తెల్లవెంట్రుకలైతే పని చెయ్యదు."

ఆ మాట నా చెవిలో పడి, కిందికి, మెల్లగా, నా గడ్డం మీది నువ్వుగింజ దాకా వెళ్ళింది. చర్మంలో నల్లగా ఏది కనిపిస్తే దాన్ని. నా బొట్టులో ఉన్నదేమిటి? దీపపు మసి. ఆకు పసరులో నూరిన మసి. నానమ్మ ఎన్నోసార్లు చెప్పింది. క్రీము తుడిచేశారు కదా, ఈ అమ్మాయికి కనిపించే ఉంటుందిలే అనుకున్నాను. మరుక్షణం నిన్న అద్దంలో చూసుకున్న గడ్డం గుర్తొచ్చింది. గీసిన నీడ నీలంగా, పచ్చగా, బొట్టు రంగే. ఆ నీడలో బొట్టెక్కడుందో నాకే కనబడలేదు.

చెప్పాలి. నోరు తెరవాలి. చెబితే మరి టాటూ లేదన్నారేమిటని డాక్టరు అడుగుతుంది. పచ్చబొట్టు అని ఆ ఏసీ గదిలో నా నోటితో చెప్పాలి. ఇంత భయంలోనూ నాకు సిగ్గు అడ్డం వచ్చిందంటే నన్నేమనాలి? మెషీను చల్లటి మూతి నా గడ్డానికి ఆనింది. "కదలకండి మేడమ్" అంది వెంకటలక్ష్మి.

"ఆపండి" అన్నాను. అన్నాననే అనుకున్నాను. గొంతులోంచి బయటికి రాలేదు.

దెబ్బ పడింది. రబ్బరు బ్యాండు కాదు. మరిగే నూనె చుక్క మీద పడి, పడ్డచోటే లోపలికి దిగినట్టు. నేను పెట్టిన కేకకు మెషీను కింద పెట్టేసింది ఆ పిల్ల. నానమ్మ కుర్చీ వెనక్కి పడింది. "ఆపున్రి! బిడ్డను సంపుతరా ఏంది!"

డాక్టరు పరుగెత్తుకొచ్చింది. జెల్ తుడిచి భూతద్దం లాగింది. కళ్ళ మీద మూతలు తీశారు. ఆవిడ మొహంలో రంగు మారడం నాకు కనిపించింది.

"ఇదేమిటండీ?"

"పచ్చబొట్టు."

"అడిగాను కదండీ నేను! టాటూలున్నాయా అని అడిగాను కదా!" ఆవిడ గొంతులో ఉన్నది కోపం కాదు, నాలాగే భయం. గబగబా ఐసు ముక్కలు అద్దింది. బొట్టుకు ఎడమ పక్కన తెల్లటి పొక్కు లేస్తోంది. సగమే తగిలిందట.

"మచ్చ పడుతుందా డాక్టర్?"

"ఇప్పుడే చెప్పలేనండి."

ఇంటికి వచ్చేటప్పుడు క్యాబులో నానమ్మ నా పక్కన ముడుచుకుని కూర్చుంది. గడ్డం మీద బ్యాండేజీ, కింద మంట. ఫోను కెమెరాలో చూసుకోవాలంటే భయం, చూసుకోకపోయినా భయం. ఆ భయమంతా తిరిగి తిరిగి నానమ్మ మీద పడింది.

"నువ్వు గా బొట్టు పొడిపియ్యకపోతె నాకు గిట్లయ్యేదా? ఐదేండ్ల పోరికి గడ్డం మీద బొట్టెందుకు నానమ్మా? ఎవలడిగిన్రు?"

ఆమె కొంగు పక్కకు తీసి, నా చెయ్యి పట్టుకుని తన గడ్డం కింద పెట్టుకుంది. గరుకుగా తగిలాయి. పొట్టివి, గట్టివి.

"మా అవ్వకుండె. నాకున్నయి. రోజు మీరు లేవకముందుగాల జర బూడిద అంటించుకొని పీక్కుంట. నా మనుమరాలికి గిట్ల రావొద్దని మల్లన్నకు మొక్కిన. వస్తె ఎట్లరా దేవుడా అనుకొని బొట్టు పొడిపిచ్చిన. గదువ మీద బొట్టున్నదనుకో, సూసెటోని కన్ను సీదా బొట్టు మీదికే పోతది. ఎంటికె మీదికి పోదు. నా బతుకంత గట్లనే ఎల్లిపోయింది బిడ్డా."

ఒకే ఇంట్లో, ఒకే బాత్రూములో, ఆమె చీకటితోనే, నేను తెల్లారాక, ఒకరికి తెలియకుండా ఒకరం పీక్కుంటున్నాం. పైగా ఇన్నేళ్ళూ నేను క్రీము పూసి దాచింది వెంట్రుకల్ని కాదు, వాటికి కాపలా పెట్టిన బొట్టుని.

పొక్కు చితికింది, చెక్కు కట్టింది, చెక్కు రాలింది. ఆ రోజుల్లో అద్దం దగ్గరికి కళ్ళు సగం మూసుకునే వెళ్ళేదాన్ని. చివరికి కింద గోధుమరంగు నెలవంక ఒకటి మిగిలింది. క్రమంగా తగ్గుతుందని, నా అదృష్టం బాగుండి లోతుకు దిగలేదని డాక్టరు అంది. బొట్టు ఒకవైపు వెలిసిపోయింది.

"ఇప్పుడు మళ్ళీ ఎంచుకోవాలండి" అందావిడ. "మిగతా దవడకు లేజరు కొనసాగించొచ్చు. గడ్డం మీద మాత్రం కుదరదు. లేదంటే ముందు వేరే లేజరుతో ఆ పచ్చబొట్టుని చెరిపేసి, తరవాత వెంట్రుకల సంగతి చూద్దాం. వద్దనుకుంటే బొట్టు చుట్టూ సూదితోనే తీయాలి. సూదికి రంగుతో పని లేదు."

"చెరిపించేసెయ్యవే, పీడా పోద్ది" అంది ఉమాశ్రీ ఆఫీసులో. రాత్రీ పగలూ అదే ఆలోచించాను. చచ్చిపోయాక మనతో వచ్చేది పచ్చబొట్టు ఒక్కటేనని నానమ్మ నమ్మకం. నగలు తీసేస్తారు, చీర కాలిపోతుంది, అదొక్కటే వెంట వస్తుందంటుంది. దాన్ని చెరిపించుకుంటానని ఆమెతో చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ చోట ఇంకో లేజరు దెబ్బ తినడానికి గుండె లేదు. సూదికి అసలే లేదు. మూడు భయాలను పక్కపక్కన పెట్టుకుని ఏది చిన్నదో తేల్చుకోలేక, చివరికి సూది అన్నాను. అన్నానే గాని, నేను చేయించుకుంటానని నాకే నమ్మకం లేదు.

చర్మం పూర్తిగా మానాక వెళ్ళాం. నానమ్మ వెంటే ఉంది. డాక్టరు చెయ్యి కడుక్కుని, తొడుగులు వేసుకుని, సూదిని తీసింది. వెంట్రుకంత సన్నంగా ఉంది. అంత సన్నగా ఉన్నా సూది సూదే. కుర్చీ దాకా నడిచాను. కూర్చోలేకపోయాను. అరచేతులు తడిసిపోయాయి, చెవుల్లో జాతర డోలు మొదలైంది.

"ఇంకోరోజు వస్తానండి" అన్నాను.

"జరుగు" అంది నానమ్మ.

చెప్పులు విడిచి, కొంగు సర్దుకుని, ఆ కుర్చీలో తనే ఎక్కి కూర్చుంది. "ముందుగాల నాయి తియ్యి డాక్టరమ్మా. తెల్లయి ఆ లైటుకు దొర్కయంట గద. సూదికి దొర్కుతయా?"

డాక్టరు నావైపు చూసింది. తరవాత నానమ్మ గుండె గురించీ, షుగరు గురించీ, వాడే మందుల గురించీ ఒక్కొక్కటే అడిగింది. ఈసారి పచ్చబొట్టు సంగతి కూడా మరచిపోకుండా అడిగింది. "ఉన్నది, కనిపిస్తలేదా?" అని నానమ్మ గడ్డం ఎత్తి చూపించింది. భూతద్దం కింద ఆ గడ్డం నిండా చిన్న చిన్న గుంటలు, ఎన్నో ఏళ్ళ పీకుడు గుర్తులు. మధ్యలో నాలాంటిదే బొట్టు. రెంటికీ ఒకేరోజు, ఒకే చేతి సూదులు తగిలాయి.

"రెండు తీసి చూస్తానండి, అంతే" అంది డాక్టరు.

నానమ్మ చెయ్యి చాచింది. పట్టుకున్నాను. సూది దిగింది. మెషీను చిన్నగా గుయ్యిమంది.

"నొప్పిగా ఉందా అమ్మా?"

"నొప్పేంది? చీమ కుట్టినట్టే ఉన్నది" అంది నానమ్మ, నావైపు చూసి నవ్వుతూ.

ఆమె గోళ్ళు నా అరచేతిలో దిగబడిపోయాయి. మొహంలో మాత్రం ఆ నవ్వు అలాగే ఉంది, జాతరలో నేను చూసిన నవ్వే. ఆ రోజు ఆమె చెయ్యి నా చేతిలో లేదు. అందుకే నాకు తెలియలేదు. నాకంటే ముందు ఆమెకూ నొప్పి పుట్టిందని, ఆమె కూడా భయపడిందని, ఇన్నేళ్ళుగా నాకు తట్టనే లేదు.

రెండోది కూడా తీశాక, "ఇగ లే నానమ్మా" అన్నాను. "నేను కూసుంట."

కూర్చున్నాను. భయం ఎక్కడికీ పోలేదు. డాక్టరు దీపం మీదికి లాగింది. ఆ వెలుతురులో నా గడ్డం, నా వెంట్రుకలు, నా సగం బొట్టు అన్నీ కనబడుతున్నాయి. కళ్ళు మూసుకోలేదు. నానమ్మ చేతికోసం తడుముకున్నాను.

"ఈసారన్న అబద్ధం చెప్పకు నానమ్మా. నొస్తదా?"

ఆమె నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"నొస్తది బిడ్డా. మస్తు నొస్తది. గట్టిగ పట్టుకో."